దెయ్యం ఏదని అడిగిన మన ఫిలిం క్లబ్ సభ్యులకు బహిరంగ లేఖ

గుంటూరులోని మన ఫిలిం క్లబ్ కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

పోయిన నెల మనం వేసుకున్న 'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ' సినిమా మీద మీరు రాసిచ్చిన అభిప్రాయాల చీటీలన్నీ ఒకచోట టైపు చేసిపెట్టమని కార్యవర్గం నాకు అప్పజెప్పింది. చేసిచ్చాను. అది చూసి వాళ్లు చేసిన తీర్మానం ఇప్పుడు తెలిసింది. ఇకమీదట "చవకబారు హారర్ సినిమాలు" మన క్లబ్‌లో వేయరట. వచ్చే నెలకు అనుకున్న 'జాంబీ 2' కూడా రద్దట. ఆ చీటీలను అక్షరం పొల్లుపోకుండా చదివిన మనిషిగా చెబుతున్నాను, వాటిలోంచి ఈ తీర్మానం రాదు. ఈ మాట కార్యదర్శిగారికి ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ చీటీలు రాసింది మీరు, అందుకే మీకే రాస్తున్నాను. పేర్లు ఎవరివీ బయటపెట్టను, టెన్షన్ పడకండి. కొన్ని చేతిరాతలు గుర్తుపట్టాను, అది వేరే సంగతి.

ఎక్కువమంది రాసింది ఒకటే మాట: "దెయ్యం ఏదీ?" కొందరు మర్యాదగా అడిగారు, కొందరు వరసగా ప్రశ్నార్థకాలు పెట్టి నిలదీశారు. "పేరు చూసి మోసపోయాం" అని ఇంకొందరు. "ద్వీపం అన్నారు, ఒక్క డ్రోన్ షాట్ కూడా లేదు" అని ఒకరు. 1943 నాటి సినిమా అండీ అది! "మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అర్ధరాత్రి గేటు తీస్తుంటే ఇంతకంటే భయమేస్తుంది" అని రాసినవారి చీటీ మాత్రం నేను దాచుకున్నాను. "బజ్జీలు బాగున్నాయి" అని రాసి సంతకం పెట్టి వెళ్లినవారూ ఉన్నారు. మార్కుల గడిలో సున్నాలు, ఒకట్లే ఎక్కువ.

పేరు సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నదే. ఆర్‌కేఓ అనే హాలీవుడ్ కంపెనీ 1942లో వాల్ లూటన్ అనే ఆయన్ని నిర్మాతగా పిలిచి చిన్న బడ్జెట్ హారర్ సినిమాలు తీసిపెట్టమంది. షరతులు మూడు పెట్టింది. ఏ సినిమాకైనా ఖర్చు 1,50,000 డాలర్లు దాటకూడదు. నిడివి 75 నిమిషాలు దాటకూడదు. పేరు కంపెనీ ఇస్తుంది, దానికి కథ ఆయన అల్లుకోవాలి. 'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ' అన్నది అప్పట్లో ఒక పత్రికలో వచ్చిన వ్యాసం పేరు. కంపెనీవాళ్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. ఆ పేరుకి తగిన కథ కోసం ఆయన షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఐర్' నవలను పట్టుకెళ్లి వెస్టిండీస్ దీవిలో దించాడు. పెద్ద ఇల్లు, ముభావంగా ఉండే యజమాని, స్పృహలో ఉండీ లేని భార్య, ఆమెను చూసుకోవడానికి కెనడా నుంచి వచ్చిన నర్సు. తెర మీద బొమ్మ పడగానే ఆ నర్సు గొంతు వినిపిస్తుంది. తాను జాంబీతో నడిచానని చెప్పి, ఆ మాట తనకే వింతగా ఉందన్నట్టు నవ్వుతుంది. కంపెనీ అంటగట్టిన పేరును దర్శకుడు జాక్ టర్నర్, లూటన్ ఇద్దరూ మొదటి నిమిషంలోనే వదిలించుకున్నారు. పోస్టరు వేరు, సినిమా వేరు అని విజయవాడ గాంధీనగర్‌లో ఏ పంపిణీదారుడిని అడిగినా చెబుతాడు. దానికి సినిమాకి సున్నా వేయడం ఏం న్యాయం?

ఇక "డబ్బుల్లేనప్పుడు సినిమా తీయడం దేనికి?" అన్న చీటీ. చాలా గట్టిగా నొక్కి రాశారు, కాగితం వెనక్కి అచ్చుపడింది. లూటన్ దగ్గర దీవి లేదు, సముద్రానికి వెళ్లి షూటింగ్ చేసే స్తోమత లేదు. సెయింట్ సెబాస్టియన్ అనే ఆ దీవి మ్యాపులో ఎక్కడా ఉండదు, స్టూడియోలో కట్టిందే. అదే కంపెనీ అప్పుడే దర్శకుడు ఆర్సన్ వెల్స్ తీసిన 'ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్' కోసం పది లక్షల డాలర్ల పైన పోసి నష్టపోయి ఉంది. ఆ సినిమాకి కట్టిన పెద్ద మెట్ల సెట్టును లూటన్ తన మొదటి సినిమా 'క్యాట్ పీపుల్'కి వాడేసుకున్నాడు. అలా సర్దుకుంటూ 1946 దాకా పదకొండు సినిమాలు తీశాడు, తొమ్మిది హారర్‌వి. 1951లో 46 ఏళ్లకే పోయాడు. డబ్బు లేదు కాబట్టే చీకటి వాడుకున్నాడు, అదే ఆయన గొప్ప అని సినిమా పుస్తకాల్లో రాస్తుంటారు. నాకు ఆ లెక్క పూర్తిగా ఒప్పదు. చీకటి అందరికీ ఉచితమే కదా, అందరూ అలా తీయలేదే! ఆ చీకట్లో ఏం వినిపించాలో ఆయనకు తెలుసు. అసలు విషయం అక్కడుంది.

మీలో చాలామంది "గంటసేపు నడవడమే సరిపోయింది" అని విసుక్కున్న ఆ నడక దగ్గర కాస్త ఆగుతాను. నర్సు బెట్సీ, మాటా పలుకూ లేని ఇంటాయన భార్య జెస్సికాను చెయ్యిపట్టుకుని రాత్రిపూట చెరకు తోటలోంచి తీసుకెళ్తుంది. ఊడూ అనే అక్కడివాళ్ల పూజ జరిగే చోటుకి తీసుకెళ్తే నయమవుతుందని ఎవరో చెబితే బయల్దేరుతుంది. అక్కడ నేపథ్య సంగీతం లేదు. గాలి ఉంది. చెరకు ఆకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు ఉంది. దారిలో వేలాడదీసిన ఒక జంతువు కళేబరం, ఒక పుర్రె. చిల్లులు పెట్టిన ఎండు సొరకాయ బుర్ర ఒకటి గాలికి ఊళ వేస్తుంటుంది. చివర్లో, ఏ హడావుడీ లేకుండా, పొడుగాటి మనిషి ఒకడు దారికి అడ్డంగా నిలబడి ఉంటాడు. గుడ్లు ఉబ్బి ఉంటాయి, రెప్ప పడదు. అతను వీళ్లని ఏమీ చెయ్యడు, కరవడు, అరవడు. వాళ్లు పక్కనుంచి వెళ్లిపోతారు. ఊపిరి బిగబట్టి చూసిన మనకి ఆ ఊపిరి ఎక్కడ వదలాలో సినిమా చెప్పదు.

ఉయ్యూరు చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లు మన క్లబ్‌లో ఉన్నారు. ఎదిగిన చెరకు తోటలో గట్టు దాటి లోపలికి వెళితే రెండు గజాల అవతల ఏముందో తెలియదనీ, ఆకు అంచు చర్మాన్ని కోస్తుందనీ, లోపల నక్క కదిలినా మనిషి కదిలినా ఒకేలా వినిపిస్తుందనీ వాళ్లకి నేను చెప్పాలా? ఆ చప్పుడే ఆ సినిమాలో దెయ్యం అనుకోండి. మీరు దాన్ని వినలేదు. వినకపోవడం మీ తప్పు కూడా కాదు, దానికి కారణం మన హాలు. నెత్తిన రెండు సీలింగ్ ఫ్యాన్లు కటకటలాడుతుంటే, కిటికీ కింద నుంచి ఆటోలు హారన్ కొడుతుంటే గాలి చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? పైగా 69 నిమిషాల సినిమాకి ఇంటర్వెల్ ఇచ్చారు! అదీ ఎక్కడ? ఆ ఇద్దరు ఆడవాళ్లు తోటలోకి అడుగుపెట్టే ముందు. లైట్లు వేసి, మిరపకాయ బజ్జీల ప్లేట్లు తిప్పి, ఉల్లిపాయ ముక్కలు సరిపోలేదని గొడవపడి, మళ్లీ లైట్లు ఆర్పి, "ఊఁ, ఇప్పుడు భయపెట్టు" అని కూర్చుంటే ఏ లూటన్ ఏం చేస్తాడు! కార్యవర్గం వారు "చవకబారు" అన్న మాట సినిమాకి వాడారు గానీ, ఆ రోజు చవకబారుగా జరిగింది మన ప్రదర్శన.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన చీటీ దగ్గరికి వస్తాను. "మనకు సంబంధం లేని దేశం, సంబంధం లేని దెయ్యం" అని ఉంది అందులో. రాసింది చదువుకున్నవారే.

జాంబీ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఈ రోజు హైతీ అంటున్న చోటు ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల చెరకు తోటల వలస, సెయింట్ డొమింగ్. ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన బానిసలు ఆ తోటల్లో పనిచేసి అక్కడే రాలిపోయేవారు. 1791లో తిరగబడి, 1804లో స్వతంత్ర దేశం చేసుకున్నారు. ఆ నేల మీద పుట్టిన భయం జాంబీ. మనల్ని కరిచే శవం కాదు అది, చచ్చాక కూడా పనిలోంచి విడుదల లేని మనిషి. చావొకటే సెలవు అనుకునే బానిసకి, ఆ సెలవు కూడా ఉండదని చెబితే ఎలా ఉంటుంది? అక్కడి జనం జాంబీ తమని తింటుందని భయపడలేదు, తామే జాంబీ అవుతామేమోనని భయపడ్డారు.

అమెరికా సైన్యం 1915 నుంచి 1934 దాకా హైతీని గుప్పిట్లో పెట్టుకున్న రోజుల్లో విలియం సీబ్రూక్ అనే రచయిత అక్కడికి వెళ్లి 1929లో 'ది మ్యాజిక్ ఐలాండ్' అనే పుస్తకం రాశాడు. ఇంగ్లీషు పాఠకులకి జాంబీని ఇంటింటికీ చేర్చింది ఆ పుస్తకమే. అందులో విన్న కథగా ఒకటి చెబుతాడు. అమెరికన్ చక్కెర కంపెనీకి కూలీల ముఠా ఒకటి వస్తుంది, తలెత్తరు, మాట్లాడరు, ఎండలో యంత్రాల్లా పనిచేస్తారు. వాళ్ల కూలి ముఠా మేస్త్రీ జేబులోకి పోతుంది. వాళ్లు శవాలు. వాళ్లకి ఉప్పు తగలకూడదని కట్టడి. ఓ రోజు మేస్త్రీ భార్య జాలిపడి తినడానికి ఏదో కొనిపెడుతుంది, అందులో ఉప్పు ఉంటుంది. నాలుక్కి ఉప్పు తగలగానే వాళ్లకి తాము చచ్చిపోయామని తెలిసిపోతుంది. ఒక్కొక్కరే లేచి, ఎవరాపినా ఆగకుండా తమ ఊరి సమాధుల వైపు నడిచిపోతారు. ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా పడి ఉండాలని మనం చెప్పుకుంటాం. అక్కడ ఉప్పు తిన్నవాడికి కళ్లు తెరుచుకున్నాయి.

ఇందులో మనకి సంబంధం లేనిది ఏముందండీ? బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1834లో అమల్లోకి వచ్చింది. తోటల యజమానులకి కూలీలు కరవయ్యారు. అదే ఏడాది మారిషస్ చెరకు తోటలకి మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో ఎక్కించడం మొదలైంది. 1838లో గయానాకి వెళ్లారు. 1879 నుంచి ఫిజీకి. ఐదేళ్ల ఒప్పందం, వేలిముద్ర, కాలాపానీ. అలా వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లు ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే మారిషస్‌లో తెలుగువాళ్లని పిలిచేవాళ్లు. ఈ రోజుకీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. ఆ సినిమాలో చెరకు తోట పక్కన కనిపించే గుడిసెల్లో మనవాళ్లు లేరు, నిజమే. బానిసలు వదిలిన ఖాళీని పూడ్చడానికి తర్వాత ఓడెక్కింది మనవాళ్లు. ఉష్ణమండలపు దీవి, చెరకు, రాత్రి, వెళ్లినవాడు తిరిగిరాకపోవడం అనే నాలుగూ ఒక్కచోట కలిస్తే భయపడే హక్కు మనకి ఎవరికంటే తక్కువేం కాదు.

"దెయ్యం కరవలేదు" అని ఫిర్యాదు చేసినవాళ్లకి ఒక్క మాట. కరిచే జాంబీ 1968 తర్వాతది. జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్'తో శవాలు మనుషుల్ని తినడం మొదలుపెట్టాయి. తమాషా ఏంటంటే ఆ సినిమాలో ఎవరూ జాంబీ అన్న మాట వాడరు. మీరు ఇరవై అయిదేళ్లు ముందు తీసిన సినిమాలో దాన్ని వెతికారు.

అన్నిటికంటే మంచి చీటీ ఒక కుర్రాడిది అనుకుంటాను, చేతిరాత కొత్తది. "నల్లవాళ్లని భయపెట్టే వస్తువులుగా చూపించారు. దారికి అడ్డం నిలబడ్డ మనిషికి ఒక్క డైలాగూ లేదు. తెల్లవాళ్ల ప్రేమకథకి వాళ్లు డప్పులు కొట్టారు." దీనికి ఒకటే మార్కు వేశాడు. మార్కుతో నాకు పేచీ ఉంది గానీ మాటతో లేదు. ఆ పాత్ర పేరు కారెఫోర్, వేసిన నటుడు డార్బీ జోన్స్. అతని దగ్గర సినిమా తీసుకున్నది కళ్లు, ఎత్తు మాత్రమే. అప్పటి అమెరికాలో నల్లజాతివాళ్లు చాలాచోట్ల తెల్లవాళ్ల పక్కన కూర్చుని సినిమా చూసే వీల్లేదు, ఆ కాలపు గుడ్డితనం ఈ సినిమాలోనూ ఉంది. అసలు చవక దీవి హారర్ సినిమాలన్నిటికీ ఇదే జబ్బు. బెలా లుగోసీ వేసిన 'వైట్ జాంబీ' 1932లో వచ్చింది, హైతీలోనే కథ, అందులో దీవి మనుషులు ఎవరికైనా గుర్తున్నారా? దూరంగా డప్పు మోగితే చాలు, దీవివాళ్లు వచ్చారని మనం అనుకోవాలి.

అయినా బాబూ, నువ్వు ఇంకో రెండు చోట్ల చూడాల్సింది. బెట్సీని గుర్రబ్బండి మీద తీసుకెళ్లే ముసలాయన, ఓడ ముందు కట్టే బొమ్మ ఒకటి ఆ ఇంటి తోటలో ఉన్న సంగతి చెబుతాడు. ఒంటినిండా బాణాలు గుచ్చుకున్న సెయింట్ సెబాస్టియన్ అనే క్రైస్తవ పునీతుడి బొమ్మ అది. తమ తాతముత్తాతలని ఆ ఓడ అడుగున గొలుసులతో కట్టి తెచ్చారంటాడు. బెట్సీ చాలా తేలిగ్గా, అయితేనేం, మిమ్మల్ని అందమైన చోటుకే తెచ్చారుగా అన్నట్టు మాట్లాడుతుంది. ఆయన వాదించడు. మీరలా అంటే అలాగేనమ్మా అని ఊరుకుంటాడు. హాల్లో ఎవరో ఇక్కడ దగ్గారు, అందుకే నీకు వినపడి ఉండదు. ఆ ముసలాయన అణకువలో ఉన్న చురక ఆ ఏడాది హాలీవుడ్‌లో వచ్చిన పెద్ద సినిమాల్లో ఎన్నింటిలో ఉంటుంది? రెండోది ఆ పాటగాడు. ట్రినిడాడ్‌లో పుట్టిన సర్ లాన్సలాట్, కలిప్సో అనే ఆ దీవుల పాటలు పాడే గాయకుడు. యజమానుల ఇంటి గుట్టు మొత్తం బజార్లో పాట కట్టి పాడతాడు, ఇంటివాళ్లు అక్కడే ఉన్నారని తెలిసి వచ్చి క్షమాపణ చెబుతాడు. రాత్రి అయ్యాక, ఆ ఇంటి యజమాని తమ్ముడు తాగి పడిపోయాక, మిగతా చరణం పాడుకుంటూ బెట్సీ మీదికి ఒక్కో అడుగే వేసుకుంటూ వస్తాడు. నాకు ఆ గుడ్లుబ్బిన మనిషి కంటే ఈ పాట దగ్గరే ఎక్కువ భయమేసింది. పెద్దింటివాళ్లకి ఊరంటే ఉండాల్సిన భయం అది. ఆ దీవిలో బిడ్డ పుడితే ఏడుస్తారు, మనిషి పోతే పండగ చేసుకుంటారు. బానిసతనం నుంచి వచ్చిన అలవాటని ఇంటాయన బెట్సీకి చెబుతాడు. నువ్వన్నట్టు తెల్లవాళ్ల ప్రేమకథే ఇది, అయితే దాని కింద నేల కదులుతూ ఉంటుంది. ఈ సంగతి మీద నువ్వు క్లబ్‌లో పది నిమిషాలు మాట్లాడితే వినాలని నా కోరిక.

సినిమా మూఢనమ్మకాలని ప్రచారం చేస్తోందని రాసిన పెద్దాయనకి కూడా ఒక మాట. గోరాగారు 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో మన పక్కనే విజయవాడకి వచ్చింది. ఈ ప్రాంతంలో మీ ప్రశ్నకి పెద్ద వారసత్వమే ఉంది, కాదనను. కానీ సినిమా మీరనుకున్న వైపు లేదు. జెస్సికాకి ఏమైందన్నదానికి రెండు జవాబులు ఉన్నాయి. విషజ్వరం వల్ల అలా అయిందంటాడు డాక్టరు. శాపం అంటారు ఊరివాళ్లు. ఏది నిజమో సినిమా తేల్చదు, చివరిదాకా తేల్చదు. పూజామందిరం తలుపు వెనక దేవుడి గొంతు ఎవరిదో గుర్తుందా? ఆ ఇంటి తల్లి, మిషనరీ భార్య, వైద్యం తెలిసిన మనిషి. నీళ్లు కాచి తాగండంటే వినలేదు, దేవుడు కాచమన్నాడంటే విన్నారు, అందుకే ఇలా చేశానంటుంది. మంచి పనికి అబద్ధపు దేవుణ్ణి వాడుకోవచ్చా? చివరికి ఆ అబద్ధం తననే మింగిందేమో అన్న అనుమానం ఆమెకే వస్తుంది. సున్నా వేసి వెళ్లిపోవడానికి బదులు ఈ ఒక్క ప్రశ్న మీద మీరు లేచి ఉంటే ఆ సాయంత్రం క్లబ్ దద్దరిల్లేది.

ఇక రద్దు చేసిన 'జాంబీ 2' గురించి. దాని తరఫున నేను గొప్పలు చెప్పను. 1979లో లూచో ఫుల్చి తీసిన ఇటాలియన్ సినిమా. రొమేరో రెండో జాంబీ సినిమా ఇటలీలో 'జాంబీ' పేరుతో ఆడింది, దాని వెనకే డబ్బు చేసుకోవడానికి దీనికి 2 తగిలించారు, కథకి దానికీ ఏ చుట్టరికమూ లేదు. మాటుల్ అనే దీవిలో చచ్చినవాళ్లు లేస్తారు. వాళ్లలో నాలుగొందల ఏళ్లనాటి స్పానిష్ సైనికులు కూడా ఉంటారు. సముద్రం అడుగున ఒక జాంబీ సొరచేపతో కొట్లాడుతుంది. గ్రాఫిక్స్ లేని రోజులు, నిజం సొరచేపతో ఒక మనిషి నీళ్లలో దిగి చేసిన పని అది. చివర్లో న్యూయార్క్ బ్రూక్లిన్ వంతెన మీద జాంబీలు వరసగా నడుస్తుంటే, ఊరు మునిగిపోయిందని రేడియో మొత్తుకుంటుంటే, కింద కార్లు మాత్రం ఆఫీసుకి వెళ్తున్నట్టు హాయిగా తిరుగుతుంటాయి. రోడ్డు ఆపించే డబ్బు లేదు మరి. దీనికి మీరు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఒక సీన్‌లో కంటికి జరిగేది నేను చూడలేను, అప్పుడు లేచి వరండాలోకి వెళ్లి నిలబడతాను, ఎవరూ వెనకాల రావక్కర్లేదు. ఇంగ్లండ్‌లో కొన్నాళ్లు దీని వీడియోలని అడ్డుకున్నారు కూడా. పిల్లల్ని రానివ్వకండి, బోర్డు పెట్టండి. కానీ 1943లో దీవి జనం పాటతో, మౌనంతో చెప్పిన దాన్ని 1979లో ఇటలీవాళ్లు పురుగులు, మట్టి, నెత్తురుతో ఎలా చెప్పారో పక్కపక్కన చూడాలనే కదా మనం రెండూ పెట్టుకున్నది. సమాధుల్లోంచి లేచింది దీవిని ఆక్రమించిన సైనికులు కావడం ఊరికే జరిగిందో తెలిసే చేశారో నేను చెప్పలేను, చూశాక మీరు చెప్పండి. ఒకటి తీసేస్తే రెండోదానికి అర్థం సగమైపోతుంది.

ఫిలిప్పీన్స్‌లో తీసిన దీవి హారర్ సినిమాలు కొన్ని ఉన్నాయి, అవి ఎప్పుడైనా వేద్దాం. 1959లో వచ్చిన 'టెర్రర్ ఈజ్ ఎ మ్యాన్'లో ఘోరమైన సీన్ వచ్చే ముందు గంట మోగిస్తారు, చూడలేనివాళ్లు కళ్లు మూసుకోవచ్చు. నాలాంటివాళ్లకి పనికొచ్చే ఏర్పాటు.

"మేమైతే భవానీ ఐలాండ్‌లో ఫోన్‌తో దీనికంటే బాగా తీస్తాం" అని రాసిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకి: తీయండి. వెటకారం కాదు. భవానీ ఐలాండ్ కృష్ణలో బ్యారేజీకి ఎగువన నూట ముప్పై ఎకరాల నేల, పడవలో వెళ్లొచ్చు, పర్యాటక శాఖ అనుమతి తీసుకోవాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు పోయినప్పుడు ఆ దీవి ఏమైందో చూశారుగా, కథ అక్కడే ఉంది. ఇంకా కిందికి వెళ్తే ఎదురుమొండి దీవి ఉంది, దివిసీమలో 1977 నవంబరు ఉప్పెన చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. మీకు నా విన్నపం ఒక్కటే. డప్పులు, పుర్రెలు, పూనకం వచ్చిన పల్లెజనం, వాళ్లని చూసి అరిచే హైదరాబాద్ అమ్మాయి, ఇవి పెట్టకండి. పడవ నడిపే మనిషికి నాలుగు మాటలు ఇవ్వండి. మైకు మాత్రం అద్దెకైనా మంచిది తెచ్చుకోండి, ఫోన్ మైకుతో గాలి గాలిలా వినిపించదు.

కార్యవర్గానికి నేను అడిగేవి ఇవి. ఆ తీర్మానం వెనక్కి తీసుకోండి, 'జాంబీ 2'ని పెద్దలకి మాత్రమే అని చెప్పి వేయండి. గంటన్నర లోపు సినిమాకి ఇంటర్వెల్ వద్దు. ఆ రెండు ఫ్యాన్లకి బేరింగులు మార్పించండి, కుదరకపోతే ఆ గంటసేపు ఆపేయండి, గుంటూరు ఎండకి అలవాటైన ప్రాణాలే అందరివీ. చీటీలో మార్కుల గడి తీసేసి, "ఏ చోట కుర్చీలో కదిలారు? ఏ చప్పుడు గుర్తుంది?" అని అడగండి. నాకు టైపు చేసే పని ఎక్కువవుతుంది, పర్వాలేదు. బజ్జీలు సినిమా అయ్యాక, చర్చ మొదలయ్యాక పెట్టించండి. అప్పుడు మొదటి వరసవాళ్లు కూడా ఇళ్లకి పరిగెత్తకుండా కూర్చుంటారు.

ఇట్లు,
బ్రాడీపేట నుంచి
మీ క్లబ్ సభ్యురాలు